ప్రొఫెసర్‌కి రాసే మొదటి మెయిల్

(జాతీయ సైన్స్ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, భోజనాలయ్యాక కూడా కదలకుండా కూర్చున్న పిల్లలకు నమస్కారం. ఇవాళ ఫిబ్రవరి 28 గనుక సి.వి. రామన్ గురించి మాట్లాడమన్నారు. 1928లో ఆయన రామన్ ఎఫెక్ట్ కనుగొన్న కథ పొద్దుటి నుంచి వింటూనే ఉన్నారు. నేను రామన్ దగ్గరికి వెళ్ళిన మన తెలుగువారి పేరు ఒకటి చెబుతాను. సూరి భగవంతం. హైదరాబాదు నిజాం కాలేజీలో డిగ్రీ చదివి, కలకత్తా వెళ్ళి రామన్ దగ్గర చేరారు. తరవాత ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు, బెంగళూరు ఐఐఎస్సీకి (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) డైరెక్టరయ్యారు. సరైన గురువు దగ్గర కుదురుకోవడం అంత పెద్ద సంగతి. అందుకే ఇవాళ ఆ కుదురుకోవడం గురించే, అంటే పీహెచ్‌డీకో, ఇంటర్న్‌షిప్‌కో ప్రొఫెసర్‌కి రాసే మొదటి మెయిల్ గురించే మాట్లాడతాను.

ముందు మెయిల్ వల్ల ఏం జరుగుతుందో, ఏం జరగదో తెలియాలి. మన విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో ప్రొఫెసర్ మెయిల్‌లో సీటు ఇవ్వలేరు. నెట్, గేట్ లాంటి జాతీయ పరీక్షో, ఆ సంస్థ ప్రవేశ పరీక్షో పాసవ్వాలి, ఇంటర్వ్యూ దాటాలి. మెయిల్ వల్ల తెలిసేది ఖాళీ ఉందా లేదా అన్నది. విశ్వవిద్యాలయాలను పర్యవేక్షించే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం అక్కడ ప్రొఫెసర్ ఒకేసారి 8 మందికి, అసోసియేట్ ప్రొఫెసర్ 6 మందికి, అసిస్టెంట్ ప్రొఫెసర్ నలుగురికి మించి పీహెచ్‌డీ గైడ్‌గా ఉండకూడదు. పదవీ విరమణకు మూడేళ్ళకన్నా తక్కువ ఉన్నవారు కొత్తవాళ్ళను తీసుకోకూడదు. ఎంత గొప్ప ఉత్తరం రాసినా ఖాళీ లేనిచోట సీటు రాదు. జర్మనీలో చాలాచోట్ల ప్రొఫెసరే నేరుగా ఉద్యోగంలోకి తీసుకుంటారు. అమెరికాలో చాలా శాఖల్లో కమిటీ ఎంపిక చేస్తుంది, కానీ గ్రాంటు ఉన్న ప్రొఫెసర్ మాటకు బరువుంటుంది. అక్కడ దరఖాస్తుల గడువు ఎక్కువగా డిసెంబరులో ముగుస్తుంది, కాబట్టి సెప్టెంబరు, అక్టోబరుల్లో రాయాలి.

ఇక నా బాధ చెప్పనివ్వండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ మచ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ల్యాబ్." ఈ వాక్యం సీనియర్ నుంచి జూనియర్‌కి, కన్సల్టెన్సీ నుంచి ఊరందరికీ చేరింది. పేరు మార్చి 200 మందికి పంపుతారు. అతికించిన పేరు ఒక ఫాంటులో, మిగతా ఉత్తరం ఇంకో ఫాంటులో కనబడుతుంది. ఆవిడ ప్రొఫెసరైనా సర్ అనే ఉంటుంది. పక్కపక్క గదుల్లో పనిచేసే ఇద్దరికీ ఒకే ఉత్తరం వెళుతుంది. సాయంత్రం టీ దగ్గర ఆ మాట బయటపడుతుంది. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. ఒకే కాలేజీ నుంచి ఒకే వారంలో అవే వాక్యాలతో నాలుగు ఉత్తరాలు వచ్చాయనుకోండి. ఐదో పిల్ల రాత్రంతా కూర్చుని, ఆ ప్రొఫెసర్ పరిశోధన పేపరు చదివి, సొంతంగా రాసినా, కాలేజీ పేరు చూసి దాన్ని తెరవరు. ఆ పిల్ల చేసిన తప్పేమిటి? దయచేసి ఆ నమూనాలు ఇవాళే తీసిపారేయండి. ఏఐతో రాయించినా అదే వరస, వాక్యాలు నున్నగా ఉంటాయి, అందులో మీరుండరు.

మరి ఏం రాయాలి? ఆ ప్రొఫెసర్ గత మూడేళ్ళలో రాసినవాటిలో ఒక్క పేపరు తీసుకోండి. అర్థం కాకపోతే బొమ్మలు, గ్రాఫులు ముందు చూడండి, పద్ధతుల భాగం తరవాత చదవండి. ఎక్కడ ఆగిపోయారో అక్కడే మీ ప్రశ్న ఉంటుంది. "సోలార్ సెల్స్ మీద ఆసక్తి" అంటే ఎవరికైనా పంపొచ్చు. "మీ మూడో గ్రాఫులో తేమ పెరిగాక సామర్థ్యం తగ్గింది, అది పై పొర వల్లనా, కింది పొర వల్లనా?" అంటే ఆయనకొక్కరికే పంపగలరు.

ఉత్తరం 150 నుంచి 200 పదాలు చాలు. మొదట మీరెవరు, ఏ చదువు, ఎప్పటికి పూర్తవుతుంది, జేఆర్‌ఎఫ్ (నెట్ ద్వారా వచ్చే పరిశోధన ఫెలోషిప్) ఉందా లేదా. తరవాత ఆ పేపరు, ఆ ప్రశ్న. ఆపైన మీ చేతికి వచ్చిన పని. పైథాన్ వచ్చు అనడం కాదు, పైథాన్‌తో ఏం చేశారో ఒక వాక్యం. చివర ఒక్కటే అడగండి: వచ్చే జులైలో మీ దగ్గర ఖాళీ ఉంటుందా? రెండు పేజీలు దాటని సీవీ పీడీఎఫ్‌గా జతచేయండి. ఫైలు పేరు "న్యూ సీవీ ఫైనల్ 2" కాదు, మీ పేరు. సబ్జెక్ట్ లైన్‌లో పీహెచ్‌డీ అనో, వేసవి ఇంటర్న్‌షిప్ అనో, ఏ నెల నుంచి చేరతారో ఉండాలి. పంపేముందు ల్యాబ్ వెబ్‌సైట్‌లో చేరదలచినవాళ్ళకు రాసిన పేజీ చదవండి. కొందరు అక్కడ ఒక మాట పెట్టి, అది సబ్జెక్ట్‌లో ఉంటేనే తెరుస్తామంటారు.

ఒక్క నిమిషం, అందరూ ఫోన్లు తీయండి. మీ మెయిల్‌లో పంపినవారి పేరు ఏమని పడుతోంది? హీరో పేరో, ముద్దుపేరో ఉంటే ఇప్పుడే మార్చండి, నేను ఆగుతాను. మన ఇంటిపేర్లు పొడి అక్షరాల్లో దాక్కుంటాయి, మెమోలో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా ఉంటాయి. సర్టిఫికెట్లలో ఉన్న పూర్తి పేరు పెట్టి, మిమ్మల్ని ఏ పేరుతో పిలవాలో కింద రాయండి.

జవాబు రాకపోతే రెండు వారాలాగి, అదే ఉత్తరానికి కొనసాగింపుగా రెండు వాక్యాలు రాయండి. అప్పటికీ రాకపోతే ఇంకొకరికి రాయండి. ఫోన్లు చేయొద్దు, వాట్సాప్ అసలే వద్దు.

జవాబు వస్తే సంబరంలో ఒక పని మరవకండి. ఆ ల్యాబ్‌లో ఇప్పుడున్న విద్యార్థుల్లో ఒకరికి, బయటికి వెళ్ళిన ఒకరికి రాయండి. పీహెచ్‌డీకి ఎన్నేళ్ళు పట్టింది, ఫెలోషిప్ నెలనెలా పడుతోందా, గైడ్ వారానికి ఎన్నిసార్లు కలుస్తారు, మధ్యలో మానేసినవాళ్ళున్నారా అని అడగండి. సూటిగా చెప్పకుండా దాటేస్తే అదీ ఒక జవాబే.

వేసవి ఇంటర్న్‌షిప్‌కి రాయాల్సినవాళ్ళకు ఈ వారమే సమయం. రాసినవాళ్ళు కాగితం మీద తీసుకురండి. సభ అయ్యాక ఫిజిక్స్ ల్యాబ్‌లో కూర్చుని ఒక్కొక్కటీ చూద్దాం.