జమ్మి ఆకే బంగారమైన పండగకి

పెద్దలకి, అక్కచెల్లెళ్లకి, అన్నదమ్ములకి నమస్కారం. ఈరోజు ఎంగిలిపూల బతుకమ్మ. కింద తంగేడు, గునుగు పేర్చడం మొదలైంది కాబట్టి ఎక్కువసేపు కూర్చోబెట్టను.

మన గేటు దగ్గర వారం నుంచి పార్సిళ్లు గుట్టలా పడుతున్నాయి. పోయినేడు ఆ గుట్టలో నాదీ ఒకటి ఉంది. మిక్సీ. ఇంట్లో ఉన్నదానికి జార్ కింద కప్లర్ అరిగిపోయింది, అంతే. వీధి చివర రిపేరు షాపులో పావుగంట పని. ఫోన్‌లో 'సగం ధర' అని కనబడేసరికి ఆ షాపే గుర్తుకు రాలేదు. పాత మిక్సీ ఇప్పటికీ సజ్జ మీదే ఉంది. చూసినప్పుడల్లా మనసుకి కష్టంగా ఉంటుంది.

అంత తొందర నాకెందుకు పుట్టింది? ఫోన్‌లో గడియారం పరిగెడుతోంది, 'ఇంకా రెండే ఉన్నాయి' అంటోంది. లేని కొరత చూపించి ఇలా తొందరపెట్టడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ 2023 నవంబరులో నిషేధించింది. అలాంటి 13 మోసపు పద్ధతుల జాబితానే ఇచ్చింది. మనకు తెలియకుండా బుట్టలో ఇంకో వస్తువు వేసేయడం కూడా అందులో ఉంది. 'నో కాస్ట్ ఈఎంఐ' చూసి మురిసిపోయేవాళ్లకి ఇంకో మాట. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. క్రెడిట్ కార్డు మీద తీసుకుంటే వడ్డీ భాగానికి 18 శాతం జీఎస్టీ మన బిల్లులోనే పడుతుంది.

మా అమ్మకి ఈ తొందర తెలియదు. స్టీలు సామాన్లామె గంప దించితే, పాత చీరలు ముందేసుకుని అరగంట బేరం. గిన్నె తిప్పి చూసేది, అడుగు మందం చూసేది, నచ్చకపోతే చీరలు మళ్లీ లోపల పెట్టేసేది. మరీ చిరిగినవి బొంతలోకి వెళ్లేవి. ఆ బొంత కప్పుకునే నేను పెరిగాను.

దసరా నాడు మనం బంగారమని ఒకరి చేతిలో ఒకరు పెట్టుకునేది జమ్మి ఆకు. తొమ్మిది రోజులు ఆడిన బతుకమ్మ చెరువులో పూలుగానే కలిసిపోతుంది. ఇంత తేలికైన పండగ పేరు చెప్పి ఇల్లంతా అట్టపెట్టెలతో నింపుకోవడం నాకు నచ్చడం లేదు.

అందుకే ఒకటి అడుగుతున్నాను. ఏదైనా కొనాలనిపిస్తే, వెంటనే ఆర్డర్ పెట్టకుండా ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. దీపావళి వెళ్లాక కూడా అది అవసరమే అనిపిస్తే నిశ్చింతగా కొనుక్కోండి. అవసరమైనది కొనడంలో తప్పేమీ లేదు.

సద్దుల బతుకమ్మ రోజు కమ్యూనిటీ హాల్లో రెండు టేబుళ్లు వేస్తున్నాం. పిల్లలకి పొట్టివైన పట్టులంగాలు, చదివేసిన పుస్తకాలు, వాడని గిన్నెలు తెచ్చి పెట్టండి. బట్టలు ఉతికి, ఇస్త్రీ చేసి తీసుకురండి. కావలసినవాళ్లు మొహమాటపడకుండా తీసుకెళ్లండి. మా మిక్సీకి రేపు కప్లర్ వేయిస్తున్నాను, మొదటి టేబుల్ మీద అదే ఉంటుంది.