‘జనజీవన స్రవంతి’ బయట ఎవరున్నారు?

అందరికీ నమస్కారం.

మెయిన్‌స్ట్రీమ్ మీడియా, మెయిన్‌స్ట్రీమ్ సినిమా, మెయిన్‌స్ట్రీమ్ పార్టీలు అని రోజూ అంటూనే ఉంటాం. ఇంగ్లీషులో ఈ మాటకు మొదట ఉన్న అర్థం నది అసలు పాయ అని, అంతే. ఒక కాలంలో ఎక్కువమంది ఒప్పుకున్న ఆలోచనలకు, అభిరుచులకు ఈ పేరు పెట్టడం 19వ శతాబ్దంలో మొదలైంది. తెలుగులో ప్రధాన స్రవంతి అన్నారు. పత్రికల వాళ్లు ఇంకో అడుగు ముందుకేసి ‘జనజీవన స్రవంతి’ అన్నారు. ఈ రెండో మాటతోనే నాకు పేచీ.

ముందు మొదటి మాట సంగతి చూద్దాం. ఫలానా అభిప్రాయం మెయిన్‌స్ట్రీమ్ అంటే దాన్ని బడులు, పత్రికలు, పెద్ద సంస్థలు ఒప్పుకున్నాయని అర్థం. అది నిజమా కాదా అన్నది వేరే లెక్క. కడుపులో అల్సర్ వస్తే టెన్షన్ వల్ల, ఆమ్లం ఎక్కువై వచ్చిందని 1980ల దాకా డాక్టర్లు గట్టిగా నమ్మేవారు. చాలా అల్సర్లకు ఒక బ్యాక్టీరియా కారణమని ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ చెబితే చాలామంది కొట్టిపారేశారు. 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాను తానే తాగాడు. కొద్ది రోజుల్లోనే పొట్ట లోపలి పొర వాచింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఈ కథ విని, డాక్టర్లంతా ఒకటే మాట అంటున్నారంటే అది అబద్ధమే అయ్యుంటుందని వాదించేవాళ్లూ ఉన్నారు. అది ఇంకా ప్రమాదం. మార్షల్ అందరికీ ఎదురు చెప్పినందుకు గెలవలేదు. ఆధారం చూపించాడు, మిగతావాళ్లు మళ్లీ పరీక్షించి అవునన్నారు, అందుకు గెలిచాడు.

మన దగ్గర ఇంతకంటే పెద్ద ఉదాహరణ గిడుగు రామమూర్తి పంతులు. ఆయన కాలంలో బడి పుస్తకం, పరీక్ష, పండిత సభ అన్నీ గ్రాంథికానివే. జనం నోట్లో ఉన్న తెలుగు రాతకు పనికిరాదన్నది ఆనాటి మెయిన్‌స్ట్రీమ్. జనం మాట్లాడే తెలుగులోనే రాయాలన్న ఆయనకు 1911లో మద్రాసులో పుట్టిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఎదురు నిలిచింది. 1919లో ఆయన ‘తెలుగు’ అనే పత్రిక పెట్టి మరీ వాదించారు. 1940లో ఆయన పోయేనాటికి కూడా బడి పుస్తకాలు చాలావరకు గ్రాంథికంలోనే ఉన్నాయి. ఇవాళ నేను మీతో మాట్లాడుతున్న ఈ భాషను ఎవరూ తప్పు పట్టరు.

ఆయన చేసిన ఇంకో పనిని మనం తక్కువగా తలుచుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ, చుట్టుపక్కల కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే పుస్తకాలు రాసి, బడులు పెట్టారు. 1931లో ఆయన రాసిన సవర భాషా గ్రంథం అచ్చయింది. ‘మీరు వచ్చి మాలో కలవండి’ అనకుండా తానే వాళ్ల దగ్గరికి వెళ్లి నేర్చుకున్న మనిషి ఆయన.

ఇప్పుడు మన వార్తల్లో వాక్యం చూడండి: ‘గిరిజనులను జనజీవన స్రవంతిలోకి తీసుకురావాలి.’ తీసుకురావాలి అంటే ఇప్పుడు అందులో లేరనేగా? వాళ్లకు ఇల్లుంది, పంట ఉంది, సంత ఉంది, పెళ్లిళ్లున్నాయి, పండగలున్నాయి. అది జనజీవనం కాకపోతే మరేమిటి? వాళ్లు జనం కారా? ఆ ఊరికి రోడ్డు లేకపోవడం, ఆసుపత్రి లేకపోవడం ప్రభుత్వం చేయని పని. ఆ వాక్యం ఆ లోటును గిరిజనుల మీదికి నెట్టేస్తుంది. నది మాటే తీసుకున్నా, కాళేశ్వరం దగ్గర ప్రాణహిత, ఆ దిగువన ఇంద్రావతి, శబరి కలిస్తేనే మనం చూసే అంత గోదావరి. అవి అడవుల్లోంచి వచ్చే నీళ్లే.

లొంగిపోయిన మావోయిస్టుల గురించి రాసినా ఇదే మాట. అక్కడ జరిగింది సూటిగా రాయొచ్చు: ఆయుధం వదిలారు, లొంగిపోయారు, ఇంటికి వచ్చారు. గిరిజనుల గురించి రాసేటప్పుడు ఆ ఊళ్లో ఏది లేదో అది రాయండి. రోడ్డు లేకపోతే రోడ్డు లేదని, టీచరు రాకపోతే టీచరు రావడం లేదని. ఇక్కడ జర్నలిజం చదువుతున్న పిల్లలు చాలామంది ఉన్నారు. రేపు డెస్కులో కూర్చున్నప్పుడు ఆ ‘స్రవంతి’ని కొట్టేసి, అసలు విషయం రాయమని మిమ్మల్ని అడుగుతున్నాను.