పసిబిడ్డను మింగింది బోరుబావి కాదు, మూయకుండా వెళ్లిపోయిన బోరు బండి

నమస్కారం. బోరుబావిలో పసిబిడ్డ పడిపోయిందన్న వార్త వచ్చిన ప్రతిసారీ, ఆ వీడియోల కింద ముందుగా కనిపించే మాట ఒక్కటే: "తల్లి ఏం చేస్తున్నట్టు?" ఎంతమంది తిట్టినా సరే, ఈ మాటను నేను ఒప్పుకోను. నీళ్లు పడని గుంతను మూయకుండా బోరు బండి ఎప్పుడు పొలం దాటిందో, ఆ బిడ్డ ప్రాణానికి గండం అప్పుడే మొదలైంది.

2020 మే నెలలో మెదక్ జిల్లా పాపన్నపేట మండలంలో జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. మూడేళ్ల బాబు జారిపడిన ఆ బోరు ఏళ్ల క్రితం ఎవరో తవ్వి మరచిపోయినది కాదు. సొంతవాళ్లే సాగునీటి కోసం అప్పుడే వేయించి, చుక్క నీరు పడలేదని వదిలేసినది. మర్నాడు తెల్లవారేసరికి శవాన్ని బయటికి తీశారు. పొలంలో అందరూ ఉండగానే ఇంత జరిగినప్పుడు, తల్లిని నిలదీసి ఏం లాభం?

అసలు కిటుకు కేసింగ్ పైపులో ఉంది. బోరు ఫెయిలైతే, పైన మట్టి పొరలో దించిన ఆ పైపును మళ్లీ పనికొస్తుందని పీకేస్తారు. అది నేలకు ఎత్తుగా నిలబడి ఉన్నంతవరకు కంటికి కనిపించేది, కాలికి తగిలేది. పీకేశాక మిగిలేది జానెడు వెడల్పు లేని, నేలతో సమానమైన రంధ్రం. దానిమీద ఒక గోనెసంచి పరిచి, నాలుగు రాళ్లు పెడతారు. వాన పడితే అంచు మట్టి లోపలికి జారి, నోరు వెడల్పవుతుంది. అందులో పడిన బిడ్డ చేతులు పైకి లేచి, భుజాలు ఇరుక్కుని, కదిలిన కొద్దీ కిందికి జారిపోతుంది. బిడ్డను బయటికి తీయడానికి పక్కన సమాంతరంగా గుంత తవ్వుదామంటే మన తెలంగాణ, రాయలసీమ నేలల్లో కాస్త లోతుకే గట్టి రాయి తగులుతుంది. 2017 జూన్‌లో చేవెళ్ల మండలంలో 18 నెలల పాప కోసం రోజుల తరబడి ప్రయత్నించినా ప్రాణం దక్కలేదు.

చట్టం లేదా అంటే, ఉంది. బోరు తవ్వే బండ్లను రిజిస్టర్ చేయించాలని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం చెబుతోంది. తవ్వే ముందే అధికారులకు తెలియజేయాలని, చుట్టూ కంచె వేయాలని, కేసింగ్‌కు గట్టి మూత బిగించాలని, వదిలేసిన బోరును అడుగు నుంచి నేలమట్టం దాకా మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలని సుప్రీంకోర్టు 2010లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. నన్ను మండించే సంగతి ఏమిటంటే, పూడ్చడానికి కావలసిన సరుకు అక్కడే ఉంటుంది; బోరులో నుంచి ఎగిసిపడిన బూడిదరంగు రాతిపొడి గుంత పక్కనే కుప్పగా పడి ఉంటుంది. దాన్ని పారతో లోపలికి నెట్టడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

రైతును నేను తిట్టలేను. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్లు పడే పాయింట్ ఇదేనని చూపించినవాడికి డబ్బులిచ్చి, అడుగుకు ఇంత అని బోరు బండికి అప్పు తెచ్చి కట్టి, చివరికి పొడి దుమ్ము చూసిన మనిషి ఆ సాయంత్రం ఏ స్థితిలో ఉంటాడో ఊహించండి. బండి మనుషులు అలా కాదు. వాళ్లకు అది రోజువారీ పని, మూయకపోతే ఏమవుతుందో అందరికన్నా బాగా తెలిసినవాళ్లు వాళ్లే. కాబట్టి బాధ్యత బండి యజమాని మీదే పెట్టాలి: పూడ్చిన బోరు ఫోటో అధికారికి చేరేదాకా ఆ బండికి మరో పొలంలో తవ్వడానికి అనుమతి ఇవ్వకూడదు. అధికారులు కదిలేలోగా రైతులు ఒక పని చేయవచ్చు, గుంత పూడ్చేదాకా బండికి ఇవ్వాల్సిన డబ్బులో కొంత ఆపి పెట్టండి.

ఈ వీడియో చూస్తున్న బోరు బండి యజమానులారా, నీళ్లు పడని బోరును మీ మనుషులు పూడ్చి వస్తున్నారా, వదిలేసి వస్తున్నారా, కింద రాయండి. ప్రతి జవాబూ నేనే చదువుతాను.