ఓడిన కేసు, తెరిచిన తలుపు: నల్లగొండ నుంచి ఘనా దాకా

నమస్తే అండీ. మొన్న నల్లగొండ క్లాక్ టవర్ సెంటర్‌లో చాయ్ తాగుతుంటే పక్కన కూర్చున్న పెద్దాయన ఒకరు అన్నారు: "ఈ ప్రతిపక్షం లొల్లి లేకుంటే పనులన్నీ జల్ది అయితయి బిడ్డా. ఒక్కని చేతిల పెట్టాలె." నేను అక్కడ వాదించలేదు. ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు మన జిల్లా ముచ్చట. 1952 మొదటి సాధారణ ఎన్నికల్లో నల్లగొండ నుంచి బొల్లేపల్లి రావి నారాయణరెడ్డి గారికి 3,09,162 ఓట్లు వచ్చాయి. అదే ఎన్నికల్లో నెహ్రూకి తన నియోజకవర్గంలో వచ్చినవి 2,33,571. ఈ లెక్క మన దగ్గర అందరికీ నోటికి వచ్చు, గర్వంగా చెప్పుకుంటాం. కానీ నాకు ఆ అంకెల కన్నా వాటి వెనక ఉన్న సంగతే విచిత్రంగా అనిపిస్తుంది. 1948 పోలీసు చర్య తర్వాత మూడేళ్లు సైన్యం ఇక్కడ సంఘపోళ్లను, అంటే కమ్యూనిస్టులను, వెతికి వెతికి వేటాడింది. సాయుధ పోరాటం ఆపింది 1951 అక్టోబర్లో. ఎన్నికలు వచ్చేనాటికి కూడా హైదరాబాద్ రాష్ట్రంలో కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉంది. అందుకే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరుతో పోటీ చేశారు. అట్లాంటి వాళ్ల పేరు మీద కూడా పోలింగ్ కేంద్రంలో ఒక డబ్బా పెట్టారు. అప్పట్లో అభ్యర్థికో డబ్బా ఉండేది. జనం అందులో ఓటు వేశారు, సర్కారు లెక్కపెట్టింది, గెలిచాడని రాసి ఇచ్చింది.

ఇప్పుడు పడమటి ఆఫ్రికాలోని ఘనాకు పోదాం. 1957 మార్చి 6న స్వాతంత్ర్యం వచ్చింది. నాయకుడు క్వామే ఎన్‌క్రుమా. తక్కువ మనిషేం కాదు. బ్రిటిష్ వాళ్లు జైల్లో పెడితే, 1951లో జైల్లో ఉండే ఎన్నికలు గెలిచాడు. పోలైన 23,122 ఓట్లలో ఆయనకు 22,780.

అయితే లండన్లో ఉన్న ఈయన్ను 1947లో దేశానికి పిలిపించింది ఎవరు? జె.బి. డాంక్వా అనే పెద్ద లాయరు, ఆయన తోటివాళ్లు. మా పార్టీకి కార్యదర్శిగా రమ్మని పిలిచారు. ఫలానా మనిషి ఉన్నాడు, పిలవండి అని పేరు సూచించింది ఆకో ఆజే. ఈ రెండు పేర్లు గుర్తుపెట్టుకోండి.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాదే, డిసెంబర్లో, తెగల పేరుతో, ప్రాంతం పేరుతో, మతం పేరుతో పార్టీలు ఉండొద్దని చట్టం చేశారు. వినడానికి బాగుంది కదా? కానీ ప్రతిపక్ష పార్టీలన్నీ దాదాపు అట్లాంటివే. అవన్నీ కలిసి యునైటెడ్ పార్టీ అయ్యాయి. 1958 జూలైలో ఇంకో చట్టం వచ్చింది: విచారణ లేకుండా 5 ఏళ్ల దాకా లోపల పెట్టొచ్చు. నవంబర్లో ఆ పార్టీ వాళ్లు పదుల సంఖ్యలో లోపలికి పోయారు. పార్టీ నాయకుడు బుసియా మరుసటి ఏడు దేశం దాటాడు.

ఒక మాట ఒప్పుకోవాలి. ప్రతిపక్షం వాళ్లంతా సాధువులు కారు. కుమాసి నగరంలో బాంబులు పేలాయి. 1962లో ఎన్‌క్రుమా మీదే బాంబు వేస్తే గాయపడ్డాడు. భయపడటానికి ఆయనకు కారణాలున్నాయి.

మరి మన దగ్గర అట్లాంటి చట్టం లేదా అంటే, ఉంది. ఘనా కన్నా ముందే, 1950లోనే, మనకు నివారక నిర్బంధ చట్టం వచ్చింది. కేరళ కమ్యూనిస్టు నాయకుడు ఏ.కె. గోపాలన్ జైల్లో నుంచే దాని మీద సుప్రీంకోర్టుకు పోయాడు. కోర్టు ఒక్క సెక్షన్ మాత్రం కొట్టేసి, చట్టాన్ని అట్లాగే ఉంచింది. ఘనాలో కూడా దాదాపు ఇదే కథ. 1961 ఆగస్టులో డాంక్వా అక్కడి సుప్రీంకోర్టులో నిర్బంధితుల తరఫున వాదించి ఓడిపోయాడు.

ఓడిన తర్వాత ఎవరు ఎటు పోయారో చూడండి. గోపాలన్ 1952లో కన్ననూరు నుంచి గెలిచి లోక్‌సభకు వచ్చాడు. ఆ చట్టం గడువు పొడిగించాలంటే సర్కారు మళ్లీ మళ్లీ పార్లమెంటుకే రావాలి. అక్కడ ఎదురుగా కూర్చున్నది ఈయనే. డాంక్వాను మాత్రం కేసు ఓడిన రెండు నెలల్లోపే, అక్టోబర్లో, అదే చట్టం కింద పట్టుకుపోయారు. ఒకసారి వదిలి, 1964 జనవరిలో మళ్లీ పట్టుకున్నారు.

మనం గొప్పవాళ్లమని చెప్పటం లేదు నేను. 1959లో కేరళలో ఎన్నికైన కమ్యూనిస్టు ప్రభుత్వాన్ని దించారు, 1975లో ఎమర్జెన్సీ పెట్టారు. ప్రతిపక్షానికి ఉండే ఆ తలుపు మన దగ్గర కూడా మూసుకుంది, కాకపోతే 1977లో ఓట్లతో తెరుచుకుంది.

1963 డిసెంబర్లో ఘనా కోర్టు ఆ బాంబు కేసులో ముగ్గుర్ని నిర్దోషులంది. వాళ్లలో ఒకరు ఆకో ఆజే. తీర్పు నచ్చక ప్రధాన న్యాయమూర్తినే తీసేశారు. మళ్లీ విచారణ చేయించి మరణశిక్ష వేయించారు, తర్వాత దాన్ని తగ్గించారు. మొదటి తీర్పు వచ్చిన మరుసటి నెల, 1964 జనవరిలో, రెఫరెండం, అంటే జనాన్నే అడిగే ఓటింగ్: ఒకే పార్టీ ఉండాలా? 99.91 శాతం అవునన్నారట. మనూళ్లో సర్పంచ్ ఎన్నికకే అట్లా పడవు ఓట్లు.

ఇప్పుడు పెద్దాయన మాటకు వస్తాను. పనులు జల్ది అయ్యాయా? అయ్యాయి. ఓల్టా నది మీద అకోసోంబో డ్యామ్ 1961లో మొదలై 1966 జనవరికల్లా ప్రారంభమైంది. మన సాగర్‌కు 1955లో పునాది వేస్తే కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. నిజమే, అక్కడ వేగం ఉంది. కానీ డ్యామ్ ప్రారంభించిన నెలకే, ఫిబ్రవరి 24న, ఎన్‌క్రుమా విదేశీ పర్యటనలో ఉండగా సైన్యం ఆయన్ను దించేసింది. రాజధాని అక్రా వీధుల్లో జనం పండగ చేసుకున్నారు. రెండేళ్ల కింద అవునన్న ఆ 99.91 శాతం ఆ రోజు ఎక్కడికి పోయిందో మరి. జనం మనసులో ఏముందో ఆయనకు చెప్పాల్సిన వాళ్లంతా జైల్లోనో, పరాయి దేశంలోనో ఉన్నారాయె.

ఆ తర్వాత జైలు తలుపులు తెరిచారు. ఆకో ఆజే బయటికి వచ్చాడు. డాంక్వా రాలేదు. ఏడాది ముందే, 1965 ఫిబ్రవరి 4న, న్సావమ్ జైల్లో చనిపోయాడు.