పైస్ గెలిచారు! 2023 గ్రాండ్ ఫైనల్ రివ్యూ: ఆ 4 పాయింట్లు అదృష్టం కాదు

నమస్కారం, అందరికీ స్వాగతం. గొంతు బొంగురుపోయింది, కారణం మీకు తెలుసు. ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్ (ఏఎఫ్ఎల్) గ్రాండ్ ఫైనల్‌లో కాలింగ్‌వుడ్ 90, బ్రిస్బేన్ లయన్స్ 86! నిన్న, సెప్టెంబర్ 30న, మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్‌లో 1,00,024 మంది ప్రేక్షకుల ముందు మన పైస్ (కాలింగ్‌వుడ్ ముద్దుపేరు) 16వ ప్రీమియర్‌షిప్, అంటే లీగ్ టైటిల్, గెలిచారు. అత్యధిక టైటిళ్ల పట్టికలో కార్ల్‌టన్, ఎసెండన్‌ల సరసన నిలిచారు. 2010 తర్వాత మళ్ళీ ఇప్పుడే. ఈ పదమూడేళ్ళలో ఈ క్లబ్బును వదలకుండా పట్టుకున్న ప్రతి ఒక్కరికీ ముందుగా అభినందనలు.

మ్యాచ్ మొత్తాన్ని మొదటి నుంచి చివరి దాకా చెప్పుకుంటూ పోను. నేను చెప్పదలచింది ఒక్కటే. నిన్న రాత్రి నుంచి ఎక్కడ చూసినా "నాలుగు పాయింట్లే కదా, ఎటైనా పోగలిగిన మ్యాచ్" అనే మాట వినిపిస్తోంది. నేను ఒప్పుకోను. ఎందుకో చెబుతాను.

ముందు స్కోరుబోర్డు చూడండి. కాలింగ్‌వుడ్ 12 గోల్స్, 18 బిహైండ్స్. బ్రిస్బేన్ 13 గోల్స్, 8 బిహైండ్స్. మెల్‌బోర్న్ శివార్లలోని టార్నీట్, పాయింట్ కుక్ వైపు మన తెలుగు కుటుంబాల్లో ఫుటీ (ఈ ఆటకు వాడుక పేరు) ఇప్పుడిప్పుడే అలవాటవుతున్నవారు చాలామంది ఉన్నారు, వాళ్ళ కోసం ఒక్క నిమిషం. మైదానానికి రెండు చివరలా నాలుగేసి స్తంభాలు ఉంటాయి. తన్నిన బంతి ఎవరికీ తగలకుండా నడిమి రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి వెళ్తే గోల్, 6 పాయింట్లు. పక్కనున్న పొట్టి స్తంభం లోపలి నుంచి వెళ్తే బిహైండ్, 1 పాయింటు. ఇప్పుడు లెక్క వేసుకోండి. నిన్న గోల్స్ ఎక్కువ కొట్టింది బ్రిస్బేన్. కానీ స్కోరు చేసిన సందర్భాలు మనవి 30, వాళ్ళవి 21. తొమ్మిది అవకాశాలు ఎక్కువ సృష్టించుకున్న జట్టును పట్టుకుని అదృష్టం కలిసొచ్చింది అంటే ఎలా? బంతి ఎక్కువసేపు వాళ్ళ వైపే ఉండేలా చూసింది మనవాళ్ళే. అయితే 18 బిహైండ్స్ చిన్న విషయం కాదు. అందులో మూడో నాలుగో గోల్స్ అయి ఉంటే చివరి ఐదు నిమిషాలు మనం ఊపిరి బిగబట్టాల్సిన పనే ఉండేది కాదు. గెలిచాం కదా అని ఈ లోపాన్ని కప్పిపుచ్చకూడదు.

ఇక బాబీ హిల్. ఆ పేరు ఎన్నిసార్లు తలచుకున్నా తనివి తీరదు. నాలుగు గోల్స్, మైదానంలో అత్యుత్తమ ఆటగాడికి ఇచ్చే నార్మ్ స్మిత్ మెడల్. రెండో క్వార్టర్‌లో అతను పట్టిన మార్క్ (తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకోవడం) మళ్ళీ చూడండి, వీలైతే నెమ్మదిగా నడిపించి చూడండి. పొడవాటి బంతి గాల్లోంచి దిగుతోంది. కింద బ్రిస్బేన్ డిఫెండర్ బ్రాండన్ స్టార్సెవిచ్ సిద్ధంగా ఉన్నాడు. హిల్ వెనక నుంచి లేచాడు. అతని కన్నా పైకి వెళ్ళి, రెండు చేతులతో బంతిని ఒడిసి పట్టాడు. నేను గమనించింది అతని కళ్ళను. ఎగిరిన క్షణం నుంచి పట్టిన క్షణం దాకా చూపు బంతి మీద నుంచి పక్కకు తప్పలేదు. ఈ అబ్బాయికి నిరుడు, సిడ్నీకి చెందిన జీడబ్ల్యూఎస్ జట్టులో ఉన్నప్పుడు, వృషణాల క్యాన్సర్ బయటపడింది. చికిత్స చేయించుకుని, కోలుకుని, ఆ సీజన్ ముగిశాక మన దగ్గరికి వచ్చాడు. మన జెర్సీలో మొదటి సీజన్‌లోనే ఇది! క్యాన్సర్ నుంచి బయటపడిన ఒక మనిషి గ్రాండ్ ఫైనల్‌లో అంత ఎత్తుకు ఎగరడం చూస్తే కళ్ళు చెమర్చకుండా ఎలా ఉంటాయి?

మొదటి క్వార్టర్‌లోనే నాథన్ మర్ఫీ తలకు దెబ్బ తగిలి బయటకు వెళ్ళాల్సి వచ్చింది. అతను బెంచీ మీద కన్నీళ్ళు పెట్టుకుంటుంటే చూడలేకపోయాను. వెనక వరుసలో గాలి బంతులకు అడ్డుపడేవాడు లేకుండా, ఎదురుగా జో డానిహర్ లాంటి పొడగరి ఉండగా, మిగతా మూడు క్వార్టర్లు నెట్టుకురావడం మాటలు కాదు. కెప్టెన్ డార్సీ మూర్ మీద పడిన భారం ఎంతో మ్యాచ్ మళ్ళీ చూస్తే తెలుస్తుంది. బ్రిస్బేన్ తరఫున జాక్ బెయిలీ, చార్లీ కామెరన్ కొట్టిన గోల్స్ గురించి చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఆ ఎండలో బ్రిస్బేన్ చివరి వరకూ పట్టు వదలలేదు, గొప్పగా ఆడారు.

ఇప్పుడు అసలు విషయానికి, ఆ చివరి నిమిషాలకు వద్దాం.

కామెరన్ గోల్‌తో బ్రిస్బేన్ ముందుకెళ్ళింది. నిజం చెప్పాలంటే మా ఇంట్లో అందరూ నిశ్శబ్దం అయిపోయారు. కానీ మైదానంలో మనవాళ్ళ ముఖాలు గమనించారా? కంగారు లేదు. జోర్డన్ డి గోయీ దూరం నుంచి కొట్టాడు, గోల్, మళ్ళీ మనం ముందున్నాం. తర్వాత స్టీల్ సైడ్‌బాటమ్. గోల్‌కు యాభై మీటర్ల దూరంలో ఉండే గీతకు అవతల నుంచి కొట్టాలి. 2010 ప్రీమియర్‌షిప్ జట్టులో ఉన్నవాడు, 2018లో వెస్ట్ కోస్ట్ చేతిలో 5 పాయింట్ల తేడాతో ఓడిన బాధ తెలిసినవాడు. కాళ్ళు అలసిపోయిన ఆ సమయంలో అంత దూరం వస్తుందా అని అందరికీ అనుమానమే. బంతి నేరుగా స్తంభాల మధ్యకు వెళ్ళింది. తేడా పదికి చేరింది. వెంటనే డానిహర్ ఒక గోల్ తిరిగి కొట్టి నాలుగుకు దించాడు. అక్కడి నుంచి సైరన్ మోగే దాకా బంతి ఎవరి చేతిలో ఉన్నా, మనవాళ్ళలో ప్రతి ఒక్కరికీ తన పని ఏమిటో తెలుసు. ఒకరు టాకిల్ చేస్తే పక్కన ఇంకొకరు ఉన్నారు. స్కాట్ పెండిల్‌బరీ, 35 ఏళ్ళ వయసులో, బంతి దగ్గరకు వస్తే చాలు, చుట్టూ ఆట నెమ్మదించినట్టు అనిపిస్తుంది. ఇది ఒక్కరోజులో వచ్చే నైపుణ్యం కాదు. సీజన్ చివర ఆడే ఈ ఫైనల్స్ మ్యాచ్‌లలో మెల్‌బోర్న్ మీద 7 పాయింట్లు, జీడబ్ల్యూఎస్ మీద ఒకే ఒక్క పాయింటు, ఇప్పుడు 4. మూడు మ్యాచ్‌లు కలిపితే ఆధిక్యం 12 పాయింట్లు, అంటే రెండు గోల్స్! వరసగా మూడుసార్లు ఇలా జరిగితే దాన్ని అదృష్టం అనరు, సాధన అంటారు.

అడ్వాంటేజ్ గొడవ గురించి కూడా మాట్లాడాలి. ఫ్రీ కిక్ దక్కిన జట్టు ఆగకుండా ఆడేస్తే, అంపైర్ ఆటను అలాగే సాగనివ్వడాన్ని అడ్వాంటేజ్ అంటారు. బ్రిస్బేన్‌లో ఉండే మా బావగారు నిన్న సాయంత్రం ఫోను చేశారు. ఆయన లయన్స్ అభిమాని. "ఆఖర్లో లాకీ నీల్‌కు ఫ్రీ కిక్ ఇచ్చినట్టే ఇచ్చి, అడ్వాంటేజ్ అని ఆట కొనసాగించారు. ఆపి ఉంటే మావాళ్ళు ముందుకు చేరుకుని ఒక్క అవకాశం తెచ్చుకునేవాళ్ళు" అన్నారు. ఆయన బాధలో న్యాయం ఉంది. బెయిలీ బంతి అందుకుని ఆడేశాడు కాబట్టి అంపైర్ అడ్వాంటేజ్ అన్నారు, నియమం అదే. అయినా ఆ క్షణంలో బ్రిస్బేన్‌కు కావలసింది వేగం కాదు, కాస్త వ్యవధి. వాళ్ళ స్థానంలో మనం ఉంటే ఇంతకన్నా గట్టిగా అరిచేవాళ్ళం. "కానీ బావగారూ, మావాళ్ళ 30 అవకాశాల సంగతి కూడా చూడండి" అన్నాను. "అది కాదనను" అన్నారు.

కోచ్ క్రెయిగ్ మెక్‌రే గురించి. 2021లో ఈ జట్టు 17వ స్థానంలో ముగించింది. ఆయన వచ్చిన మొదటి ఏడాదే గ్రాండ్ ఫైనల్‌కు ముందు మెట్టైన ప్రిలిమినరీ ఫైనల్ దాకా తీసుకెళ్ళి, సిడ్నీ చేతిలో ఒక్క పాయింటుతో ఓడాడు. రెండో ఏడాది కప్పు. ఆటగాడిగా ఆయన 2001, 2002, 2003 ప్రీమియర్‌షిప్‌లు గెలిచింది ఎవరితోనో తెలుసా? బ్రిస్బేన్‌తోనే. అందులో రెండుసార్లు ఓడిపోయింది మన కాలింగ్‌వుడ్! నిన్న ఉదయం ఆయనకు కూతురు పుట్టింది, మధ్యాహ్నానికి జట్టు దగ్గర ఉన్నాడు.

బహుమతి ప్రదానంలో ఒక దృశ్యం నన్ను పట్టి నిలబెట్టింది. డార్సీ మూర్‌కు కప్పు అందించింది అతని తండ్రి పీటర్ మూర్. ఆయన కూడా కాలింగ్‌వుడ్ కెప్టెనే. 1981 గ్రాండ్ ఫైనల్‌లో ఓడాక, రన్నరప్ మెడల్‌ను విసిరేసిన మనిషి. ఆటగాడిగా ఆయనకు అందని కప్పు నిన్న ఆయన చేతుల మీదుగానే కొడుక్కి చేరింది. తండ్రీ కొడుకులు ఒకరినొకరు చూసుకున్న చూపు కోసమైనా ఆ భాగం తప్పక చూడండి.

చివరగా ఈ మ్యాచ్‌లో ముగ్గురు ఉత్తమ ఆటగాళ్ళకు మన ఛానల్ ఓట్లు. మూడు ఓట్లు బాబీ హిల్‌కు, ఇందులో చర్చే లేదు. రెండు ఓట్లు పెండిల్‌బరీకి. మోకాలి గాయం నుంచి తిరిగొచ్చిన నిక్ డేకోస్‌కు ఇవ్వాలని చాలామంది అంటారని తెలుసు. గాయపడకపోతే సోమవారం నీల్‌కు దక్కిన బ్రౌన్‌లో మెడల్ (సీజన్ ఉత్తమ ఆటగాడి పురస్కారం) అతనిదే అయ్యేదని నా నమ్మకం. అయినా చివరి క్వార్టర్ చూశాక నా మనసు పెద్దాయన వైపే మొగ్గింది. మిగిలిన ఒక్క ఓటు బిల్లీ ఫ్రాంప్టన్‌కు. అవును, ఫ్రాంప్టన్‌కే! డాన్ మెక్‌స్టే గాయపడడంతో జట్టులోకి వచ్చి, బ్రిస్బేన్ డిఫెండర్ హారిస్ ఆండ్రూస్‌ను గాలి బంతుల దగ్గరకు స్వేచ్ఛగా వెళ్ళనివ్వకుండా అడ్డుకునే పని తీసుకున్నాడు. ఆ పని స్కోరుబోర్డులో కనిపించదు, కానీ మన ఫార్వర్డ్‌లకు అన్ని అవకాశాలు దొరకడంలో అతని వాటా పెద్దది. ఒప్పుకోనివాళ్ళు మీ మూడు పేర్లూ కారణాలతో సహా కింద రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను. గో పైస్!