పాట బాగానే ఉంది, వీడియోనే కొంప ముంచింది

శ్రోతలకు నమస్కారం.

1984 నాటికి అమెరికాలో బిల్లీ స్క్వయర్ అంటే పెద్ద పేరున్న రాక్ గాయకుడు. కచేరీ పెడితే పెద్ద పెద్ద ఇండోర్ స్టేడియాలు నిండిపోయేవి. ఆ ఏడాది ‘రాక్ మీ టునైట్’ అనే పాట విడుదల చేశాడు. అక్కడ పాటల ఆదరణను లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో అది 15వ స్థానం దాకా వెళ్లింది. ఆయన పాటల్లో ఇంకేదీ అంత పైకి వెళ్లలేదు. విచిత్రమేమిటంటే, ఆయన కెరీర్ దెబ్బతిన్నది కూడా ఆ పాటతోనే. పాటను అనకూడదులెండి, దానికి తీసిన వీడియోను అనాలి.

అందులో ఏముంది? శాటిన్ దుప్పట్లు పరిచిన మంచం. గదంతా లేత గులాబీ, నీలి వెలుగులు. హీరోగారు నిద్ర లేస్తాడు, అద్దం ముందు జుట్టు సర్దుకుంటాడు, గదంతా గంతులు వేస్తాడు, నేల మీద పాకుతాడు, గులాబీ రంగు బనియన్ ఒకటి తగిలించుకుంటాడు. రాక్ గాయకుడి చేతికి గిటార్ రావడానికి మాత్రం చాలాసేపు పడుతుంది. అంతకుముందు నిండిన హాళ్లు ఈ వీడియో వచ్చాక సగమే నిండాయని స్క్వయర్ తర్వాత చెప్పుకున్నాడు. తీసింది కెన్నీ ఒర్టెగా. తర్వాతి కాలంలో డిస్నీ వాళ్ల ‘హైస్కూల్ మ్యూజికల్’ తీసింది ఈయనే. ‘నన్ను ముంచాడు’ అని గాయకుడు, ‘ఆ ఆలోచన అతనిదే’ అని దర్శకుడు. ఆ తగవు తెగలేదు. 2011లో ఎంటీవీ అనే పాటల ఛానల్ చరిత్ర మీద వచ్చిన ఒక పుస్తకంలో ఈ ఒక్క వీడియోకే ఒక అధ్యాయం కేటాయించారు.

నా మాట అడిగితే, అది చెత్త వీడియోనే. కానీ అప్పటి నవ్వుల్లో సగం, మగాడు అలా మెలికలు తిరగడమేంటి అన్న చులకన. అదే డాన్స్ ఈరోజు రీల్‌లో చేస్తే పది మంది లైక్ కొట్టి ముందుకు జరిపేస్తారు.

అసలు ఒక్క వీడియోకి అంత బలం ఎక్కడి నుంచి వచ్చింది? దేశం మొత్తం దాన్నే చూసింది కాబట్టి వచ్చింది. చూపించింది ఎంటీవీ. ఇరవై నాలుగు గంటలూ పాటలే వేసే ఈ కేబుల్ ఛానల్ 1981 ఆగస్టు 1న, అర్ధరాత్రి దాటిన నిమిషానికి మొదలైంది. తమాషా ఏమిటంటే ఛానల్ ఆఫీసున్న మాన్‌హటన్‌లో అప్పటికి అది రాదు. అందుకని సిబ్బంది అంతా నది దాటి న్యూజెర్సీలోని ఫోర్ట్ లీకి వెళ్లి, అక్కడొక రెస్టారెంట్‌లో కూర్చుని తమ ఛానల్‌ను తామే మొదటిసారి చూశారు. పాటకీ పాటకీ మధ్య టేపు మార్చేటప్పుడు తెర నల్లబడేది. వేసిన మొదటి పాట బగ్గుల్స్ అనే బ్రిటిష్ బృందానిది. రేడియో తారను వీడియో చంపేసిందని దాని పల్లవి. రేడియోలో కూర్చుని ఈ ముక్క చెప్పడం నాకు కాస్త సరదాగానే ఉంది.

ఆ ఛానల్ లెక్క చాలా సులువు. వీడియో తీసే ఖర్చు రికార్డు కంపెనీది. టేపు ఛానల్‌కి ఉచితంగా వస్తుంది. పాటకు ప్రచారం వాళ్లకి, ప్రకటనల డబ్బు వీళ్లకి. చిక్కల్లా ఒక్కటే. దుకాణమైతే తెరిచారు గానీ లోపల సరుకు లేదు. అమెరికాలో అప్పటికి వీడియోలు తీసే అలవాటు పెద్దగా లేదు. బ్రిటన్‌లో మాత్రం టీవీ కార్యక్రమాలకు పంపడం కోసం అంతకుముందు నుంచే తీస్తున్నారు. దాంతో మొదట్లో ఉన్నవాటినే తిప్పి తిప్పి వేశారు, మంచిదా చెడ్డదా అని చూడకుండా. మరీ దారుణం, ఆ చూడకపోవడంలోనూ నల్లవాళ్ల పాటలు దాదాపు పక్కనే ఉండిపోయాయి. 1983లో బ్రిటిష్ రాక్ గాయకుడు డేవిడ్ బోవీ ఇంటర్వ్యూకి వచ్చి, నల్లజాతి కళాకారులు మీ ఛానల్‌లో ఎందుకింత తక్కువ కనిపిస్తారు అని ఎంటీవీ వీజేని, అంటే పాటల మధ్య మాట్లాడే యాంకర్‌ని, ఎదురు ప్రశ్న అడిగాడు. వీజే నీళ్లు నమిలాడు. ఆ ఏడాదే మైకేల్ జాక్సన్ ‘బిల్లీ జీన్’ ఛానల్‌కి ఎక్కింది, డిసెంబర్‌లో దాదాపు పద్నాలుగు నిమిషాల ‘థ్రిల్లర్’ వీడియో వచ్చింది. ఇక అక్కడి నుంచి ప్రతి గాయకుడికీ ఒక కథ కావాలి, ఒక సెట్ కావాలి, వెనకాల డాన్సర్లు కావాలి. జాక్సన్‌కి ఉన్న ఒళ్లు అందరికీ ఉండదు కదా, అది మాత్రం ఎవరికీ తట్టలేదు.

1983లోనే వచ్చిన జర్నీ అనే అమెరికా రాక్ బృందం పాట ‘సెపరేట్ వేస్’ తీసుకోండి. పాట గొప్పది, ఆ గాయకుడి గొంతు గురించి రెండో మాట లేదు. వీడియో న్యూ ఓర్లీన్స్‌లో రేవు ఒడ్డున, సరుకు దించే గోదాముల దగ్గర తీశారు. ఐదుగురు మగవాళ్లు. మొదట్లో చేతుల్లో వాయిద్యాలు లేవు. గిటార్ ఉన్నట్టు ఒకరు గాలిలో వేళ్లు ఆడిస్తారు, డ్రమ్స్ ఉన్నట్టు ఇంకొకరు గాలినే కొడతారు. కాసేపటికి కీబోర్డు కనిపిస్తుంది. ఎక్కడ? గోదాము గోడకి బిగించి! కీబోర్డు కళాకారుడు గోడ వైపు తిరిగి నిలబడి మహా సీరియస్‌గా వాయించేస్తుంటాడు. ఇంతలో లెదర్ స్కర్టు వేసుకున్న ఒక అమ్మాయి వాళ్ల మధ్యలోంచి నడిచి వెళ్లిపోతుంది. వీళ్లంతా ఆమె మొహంలోకి, మన మొహంలోకి గుడ్లురిమి పాడతారు. చివరికి ఆ అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లతో మంచం మీద నిద్ర లేస్తుంది. అంటే ఇదంతా కల. ఎవరి కల, ఎందుకొచ్చింది అని మాత్రం అడగకండి.

నాకు ఈ వీడియో అంటే ఇష్టం. ఎందుకంటే అందులో ఎవ్వరూ వేళాకోళం చేయడం లేదు. మనస్ఫూర్తిగా చేశారు. నవ్వు తెప్పించే చెత్త వీడియోకి అది మొదటి అర్హత.

ఇక 1985. ఆఫ్రికా కరవు బాధితుల కోసం జూలై 13న లండన్‌లో, ఫిలడెల్ఫియాలో ‘లైవ్ ఎయిడ్’ కచేరీలు పెట్టారు. డేవిడ్ బోవీ ఒక దేశం నుంచి, రోలింగ్ స్టోన్స్ బృందం గాయకుడు మిక్ జాగర్ ఇంకో దేశం నుంచి శాటిలైట్ మీద కలిసి పాడాలని ముందు అనుకున్నారు. శబ్దం చేరడానికి పట్టే ఆ అర సెకను ఆలస్యం వల్ల అది కుదరలేదు. సరే అని 1964 నాటి ‘డాన్సింగ్ ఇన్ ది స్ట్రీట్’ పాటను ఇద్దరూ కలిసి పాడి, రికార్డింగ్ అయిన వెంటనే లండన్ డాక్‌ల్యాండ్స్‌కి వెళ్లి రాత్రికి రాత్రే వీడియో కూడా తీసేశారు. ఆకుపచ్చ చొక్కాలో జాగర్, పొడుగు కోటులో బోవీ ఖాళీ గోడల మధ్య ఒకరినొకరు దాటి ఎగురుతుంటారు. పాట బ్రిటన్‌లో నాలుగు వారాలు మొదటి స్థానంలో ఉంది, విరాళాలకు పనికొచ్చింది. అది వేరే మాట. ఎన్నో ఏళ్ల తర్వాత ఒకాయన ఆ వీడియోలోంచి పాట మొత్తం తీసేసి, బూట్ల కిర్రుకిర్రులు, ఆయాసాలు, ఉత్త కేకలు మాత్రం కలిపి ఇంటర్నెట్‌లో పెట్టాడు. పాట తీసేస్తే మిగిలేది ఇద్దరు పెద్దమనుషులు రాత్రిపూట గోదాములో దూకడమే. కడుపు చెక్కలయ్యేలా నవ్వుకోవచ్చు.

మరి ఇంత వినోదం ఇచ్చిన పాటల ఛానళ్లు ఎందుకు పడిపోయాయి? అడిగితే అందరూ యూట్యూబ్ అంటారు. తారీఖులు చూస్తే ఆ మాట నిలబడదు. యూట్యూబ్ మొదలైంది 2005లో. ఎంటీవీ అంతకు పదేళ్ల ముందే పాటల నుంచి జారుకోవడం మొదలుపెట్టింది.

అసలు దోషి రిమోట్. సినిమాకో సీరియల్‌కో కూర్చున్న మనిషి అరగంట, గంట కదలడు. పాటల ఛానల్‌లో ప్రతి నాలుగు నిమిషాలకూ ఒక కథ ముగిసి ఇంకోటి మొదలవుతుంది. తర్వాతి పాట నచ్చకపోతే వేలు రిమోట్ మీదకి వెళ్లిపోతుంది. ప్రకటనలిచ్చేవాళ్లకి కావలసింది కదలకుండా కూర్చునే మనిషి. 1992లో ఎంటీవీ ‘ది రియల్ వరల్డ్’ మొదలుపెట్టింది. ముక్కూమొహం తెలియని ఏడుగురిని న్యూయార్క్‌లో ఒకే ఇంట్లో పెట్టి కెమెరాలు తిప్పడం. మన బిగ్ బాస్ చూసేవాళ్లకి ఇంకేమీ చెప్పక్కర్లేదు. ఏమవుతుందో చూద్దామని జనం కూర్చున్నారు. మరుసటి ఏడాది ‘బీవిస్ అండ్ బట్‌హెడ్’ వచ్చింది. సోఫాలో కూలబడ్డ ఇద్దరు కార్టూన్ కుర్రాళ్లు వీడియోలు చూస్తూ ఎగతాళి చేస్తుంటారు. తన దగ్గరున్న చెత్తను తనే తిట్టించి డబ్బు చేసుకోవడం! ఆ తెలివిని మెచ్చుకోవాల్సిందే. 1998 నాటి ‘టీఆర్ఎల్’ కార్యక్రమానికి వచ్చేసరికి పాట పూర్తిగా వేయడం కూడా తగ్గింది. ముక్క వేసి, దాని మీద అభిమానుల కేకలు. 2010లో లోగో కింద ఉండే ‘మ్యూజిక్ టెలివిజన్’ అన్న మాటలు తీసేశారు. అప్పటికి వాటిని నమ్మేవాళ్లు ఎవరున్నారు గనక!

మన దేశంలోనూ ఇదే కథ, కాస్త వేగంగా జరిగింది. 1991లో స్టార్ టీవీతో ఎంటీవీ వచ్చింది, 1994లో విడిపోయింది. దాని స్థానంలో ఛానల్ వీ వచ్చింది. 1996లో ఎంటీవీ మళ్లీ సొంతంగా దిగింది. ఇండీపాప్, అంటే సినిమాలతో సంబంధం లేని మన పాప్ పాటలు, వెలిగింది ఆ రోజుల్లోనే. పంజాబీ పాప్ గాయకుడు దలేర్ మెహందీ పాటలు ఆడేది వీడియోల్లోని అందమైన అమ్మాయిల వల్లేనని విమర్శకులు అనేవారు. ‘అలాగా, చూడండి’ అని 1998లో ‘తునక్ తునక్ తున్’ వీడియోలో మొత్తం తనే నిండిపోయాడు. నాలుగు రంగుల దుస్తుల్లో నలుగురు దలేర్‌లు, వెనకాల కంప్యూటర్‌లో అతికించిన కొండలు, ఎడారులు. గ్రాఫిక్స్ పరంగా చూస్తే పెళ్లి క్యాసెట్ స్థాయే. కానీ అది ప్రపంచమంతా తిరిగింది. 2007లో ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’ అనే వీడియోగేమ్‌లో ఒక పాత్ర చేసే డాన్స్ కూడా అదే. 2003లో ఎంటీవీ ఇండియాకి ‘రోడీస్’ అనే రియాలిటీ షో వచ్చింది, పాటలు వెనక్కి జరిగాయి. ఛానల్ వీ 2018లో మూతపడింది.

తెలుగు ఛానళ్లలో పాట అంటే ఎప్పుడూ సినిమా పాటే. గాయని స్మిత లాంటివాళ్లు పాప్ ఆల్బమ్‌లు చేసినా, మిగతా సమయమంతా వెండితెరదే. మన ప్రత్యేకత ఫోన్ కార్యక్రమాలు. ‘హలో, ఎవరండీ మాట్లాడేది? ముందు మీ టీవీ వాల్యూమ్ తగ్గించండి!’ అని యాంకర్ బతిమాలడం, అవతల తగ్గించకపోవడం, గొంతు రెండుసార్లు వినబడటం. తర్వాత ఏం చదువుతున్నారు, ఏం వండారు, ఈ పాట ఎవరికి డెడికేట్ చేస్తారు? అమ్మకీ నాన్నకీ అన్నయ్యకీ వదినకీ పక్కింటి ఆంటీకీ పేరుపేరునా చెప్పేసరికి లైన్ కట్. పాట కంటే ఆ సంభాషణే బాగుండేదని నా అభిప్రాయం.

1985లో వచ్చిన చిరంజీవి ‘దొంగ’ సినిమాలో శ్మశానం, దెయ్యాలతో ‘గోలీమార్’ పాట ఉంది కదా. జాక్సన్ ‘థ్రిల్లర్’ ప్రభావం దాచుకోలేదు. ఇంటర్నెట్ వచ్చాక విదేశీయులు దాన్ని ‘ఇండియన్ థ్రిల్లర్’ అని పేరు పెట్టి, తెలుగు మాటలు చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసి నవ్వుకున్నారు. నవ్వనివ్వండి. ఆ స్టెప్పులకి హాల్లో కాగితాలు ఎగిరిన సంగతి వాళ్లకేం తెలుసు?

టీవీ పోయాక చెత్త వీడియో జాతకమే మారిపోయింది. 2011లో రెబెక్కా బ్లాక్ అనే పదమూడేళ్ల అమ్మాయి ‘ఫ్రైడే’ అని పాడింది. వాళ్లమ్మ సుమారు నాలుగు వేల డాలర్లు ఇచ్చి లాస్ ఏంజెలెస్‌లో ఒక చిన్న కంపెనీ చేత తీయించిన వీడియో. గురువారం తర్వాత శుక్రవారం వస్తుందని అందులో వివరంగా చెబుతారు. ఏ ఛానలూ దాన్ని వేయలేదు. జనమే ‘ఇంత ఘోరం చూశారా’ అని ఒకరికొకరు పంపుకున్నారు. డిస్‌లైకులు లక్షలు దాటాయి, బెదిరింపులు కూడా వచ్చాయి. స్క్వయర్ పెద్దవాడు, డబ్బున్నవాడు. ఈమె స్కూలు పిల్ల. పెద్దయ్యాక కూడా పాడటం మానలేదు, 2021లో అదే పాటకి కొత్త రీమిక్స్ చేసింది. ఆ ఏడాది చివర్లోనే యూట్యూబ్ డిస్‌లైకుల సంఖ్యను జనానికి చూపించడం మానేసింది.

2025 చివరి రోజుతో బ్రిటన్‌లో ఎంటీవీ వాళ్ల పాటల ఛానళ్లు ఐదు ఆగిపోయాయి. అసలు ఎంటీవీ ఉంది, రియాలిటీ షోలతో. మన దగ్గర ఇంకా పాటల ఛానళ్లు నడుస్తున్నాయి గానీ, కొత్త పాట మొదట చూసేది ఫోన్‌లోనే. అది కూడా ‘లిరికల్ వీడియో’ అని వస్తుంది. హీరో ఫొటోలు నాలుగు, షూటింగ్‌లో దర్శకుడు నవ్వుతున్న ముక్క ఒకటి, హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల ఊపే సంగీత దర్శకుడు, వాటి మీద ఎగిరే అక్షరాలు. చాలాసార్లు ఆ అక్షరాలు కూడా ఇంగ్లీషువే. తెలుగు పాటను తెలుగువాడు ఇంగ్లీషు లిపిలో కూడబలుక్కుని చదవాలి. అసలు వీడియో సినిమా ఆడి వెళ్లిపోయాక ఎప్పుడో తీరిగ్గా వస్తుంది. గోడకి కీబోర్డు బిగించినవాళ్లు కనీసం రేవు దాకా వెళ్లి, చలిగాలిలో నిలబడి ఏదో ఒకటి తీశారు. వీళ్లకి ఆ శ్రమ కూడా లేదు.

సెలవు. నమస్కారం.