హాలోబాడీ గిటార్‌తో కాపురం ఎలా?

నమస్తే అండి. ముందు ఇది వినండి.

(కేబుల్ పెట్టకుండా ఇ మేజర్ కార్డ్)

కేబుల్ పెట్టలేదు, ఆంప్ (గిటార్ శబ్దం పెంచే స్పీకర్ పెట్టె) ఆన్ చేయలేదు. అయినా గదిలో బాగానే వినపడుతోంది. ఇప్పుడు ఇదే కార్డ్ సాలిడ్ బాడీ, అంటే లోపల బోలు లేని గిటార్ మీద.

(అదే కార్డ్)

సన్నగా తీగల చప్పుడు, అంతే. మొదటి గిటార్ హాలోబాడీ, అంటే లోపల బోలు. తీగ కదిలితే తీగలు ఆనుకునే బ్రిడ్జ్ కదులుతుంది, బ్రిడ్జ్ కింద పై చెక్క కదులుతుంది, లోపలి గాలి కదులుతుంది. తీగలోని శక్తి అలా త్వరగా ఖర్చయిపోతుంది కాబట్టి నోట్ చప్పున మొదలై చప్పున తగ్గుతుంది. సస్టెయిన్ (నోట్ మోగుతూ ఉండే సమయం) తక్కువ అని దీన్ని లోపంగా చెప్పేవాళ్లు చాలామంది. నేనైతే దీన్ని కొనేదే అందుకోసం అంటాను. ఒక నోట్ తొందరగా తప్పుకుంటే పక్క నోట్‌కి చోటు దొరుకుతుంది. రాకబిల్లీ (కంట్రీ, తొలి రాక్ కలిసిన సంగీతం), జాజ్, పాత కంట్రీ వాయించేవాళ్లు దీన్ని వదలకపోవడానికి పెద్ద కారణం ఇదే.

అసలు ఇది ఎలా పుట్టిందో తెలిస్తే దీని తిక్క కూడా అర్థమవుతుంది. 1930లలో అమెరికా బిగ్ బ్యాండ్‌లలో గిటారిస్ట్ అంటే వెనక కూర్చుని కార్డ్స్ కొట్టే మనిషి. పదిమంది ట్రంపెట్లు, సాక్సోఫోన్లు ఊదుతుంటే గిటార్ సోలో ఎవరికి వినపడుతుంది? 1936లో గిబ్సన్ కంపెనీ ఎఫ్-హోల్స్ ('f' ఆకారపు రంధ్రాలు) ఉన్న, పై చెక్క ఉబ్బెత్తుగా ఉండే ఆర్చ్‌టాప్ గిటార్‌కి ఒక పికప్ (తీగ కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చేది) బిగించి ఇఎస్-150 అని అమ్మింది. ఇఎస్ అంటే ఎలక్ట్రిక్ స్పానిష్. 1939లో జాజ్ క్లారినెట్ కళాకారుడు బెన్నీ గుడ్‌మన్ బృందంలో చేరిన చార్లీ క్రిస్టియన్ దాని మీద సాక్సోఫోన్‌లా సోలోలు వాయించాడు. 1942లో 25 ఏళ్లకే చనిపోయాడు. కానీ అప్పటికే గిటారిస్ట్ కుర్చీ ముందు వరసకి వచ్చేసింది. ఆ పికప్‌ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు.

అంటే హాలోబాడీ ఎలక్ట్రిక్ గిటార్ మొదట్లో కరెంటు తగిలించిన అకూస్టిక్ గిటారే. సాలిడ్ బాడీ 1950లో ఫెండర్‌తో బజారు పట్టింది. హాలోబాడీ ఇబ్బందులన్నీ ఆ పుట్టుకలోనే ఉన్నాయి. వాటి సంగతి కాసేపట్లో.

ఇక మనం పాతకాలపు హాలోబాడీ అనగానే కళ్ల ముందుకొచ్చే ఆ నారింజ రంగు గిటార్ గ్రెచ్ కంపెనీ 6120, కంట్రీ గిటారిస్ట్ చెట్ ఆట్కిన్స్ పేరుతో వచ్చిన మోడల్. 1950ల మధ్యలో వచ్చింది. మొదటి వాటి మీద పశువులకి ముద్ర వేసినట్టు పెద్ద 'జి' అక్షరం, ఫ్రెట్‌బోర్డ్ మీద కాక్టస్ బొమ్మలు, మొత్తం కౌబాయ్ వేషం. తయారైందేమో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో! ఆ అలంకారాలు చెట్ ఆట్కిన్స్‌కే నచ్చలేదు, తర్వాత తీసేశారు. 1950ల రాక్ గిటారిస్టులు ఎడ్డీ కాక్రన్, డ్వేన్ ఎడ్డీ ఇదే వాయించారు. 1980లలో రాకబిల్లీని మళ్లీ లేపిన బ్రయన్ సెట్జర్ చేతిలో ఉన్నదీ ఇదే, 1959 నాటిది.

కొనేముందు ఒక తేడా చూసుకోండి. పూర్తి హాలో వేరు, సెమీ హాలో వేరు. గిబ్సన్ 1958లో తెచ్చిన ఇఎస్-335లో మధ్యలో నిలువునా ఒక చెక్క దిమ్మ ఉంటుంది. పికప్‌లు, బ్రిడ్జ్ దాని మీదే కూర్చుంటాయి. ఎపిఫోన్ కాసినో చూడటానికి అచ్చం దానిలాగే ఉంటుంది కానీ లోపల దిమ్మ లేదు, పూర్తి బోలు. బీటిల్స్ వాడిన కాసినో ఇదే. షాపులో ఈ రెండింటినీ ఒకే గాటన కట్టేస్తారు. ఎఫ్-హోల్‌లోంచి తొంగి చూస్తే మీకే తెలిసిపోతుంది.

సరే, ఇప్పుడు గిటార్ బల్ల మీద పెడదాం.

(బ్రిడ్జ్ మీదకి కెమెరా)

చాలా హాలోబాడీల బ్రిడ్జ్‌కి స్క్రూలు ఉండవు. తీగల ఒత్తిడే దాన్ని పట్టుకుంటుంది. దీన్ని ఫ్లోటింగ్ బ్రిడ్జ్ అంటారు. తీగలు మార్చేటప్పుడు ఆరూ ఒకేసారి విప్పేస్తే బ్రిడ్జ్ మీ ఒళ్లో పడుతుంది. అందుకే ఒక్కో తీగ విప్పి, దాని స్థానంలో కొత్తది కట్టాకే రెండోదానికి వెళ్లండి. బ్రిడ్జ్ కాళ్ల చుట్టూ ముందే మాస్కింగ్ టేప్ అంటించుకుంటే ఇంకా మంచిది. పాలిష్ పాడవకుండా గట్టిగా అతుక్కోని టేప్ వాడండి, పని కాగానే తీసేయండి.

బ్రిడ్జ్ జరిగిపోయి ఉంటే శ్రుతి సరిచేయడం ఇలా. ట్యూనర్ పెట్టుకుని తీగని నొక్కకుండా 12వ ఫ్రెట్ పైన వేలు తాకించి హార్మోనిక్ వాయించండి. తర్వాత అదే ఫ్రెట్ నొక్కి వాయించండి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువగా ఉంటే బ్రిడ్జ్‌ని టెయిల్‌పీస్ (తీగల చివరలు తగిలించే భాగం) వైపు జరపాలి. తక్కువగా ఉంటే నెక్ వైపు. మొదటి తీగకి, ఆరో తీగకి విడివిడిగా చూడండి, బ్రిడ్జ్ కొంచెం ఏటవాలుగా నిలబడుతుంది, అది మామూలే. తీగలు కాస్త వదులు చేసి జరపండి. బిగువుగా ఉండగా తోస్తే చెక్క మీద గీతలు పడతాయి. కొన్ని మోడళ్లలో బ్రిడ్జ్‌ని పిన్ వేసి ఉంచుతారు. మీది అలాంటిదైతే ఈ భాగం దాటేయండి.

బిగ్స్‌బీ (శ్రుతిని ఊపే పిడి ఉన్న టెయిల్‌పీస్) ఉన్నవాళ్లకి ఒక చిట్కా. తీగ చివర ఉండే గుండుని బిగ్స్‌బీ లోపలి చిన్న పిన్‌కి తగిలించాలి, అది జారిపోతూనే ఉంటుంది, మూడో చెయ్యి ఉంటే బాగుండనిపిస్తుంది. తీగ చివర రెండు సెంటీమీటర్లు ముందే పెన్సిల్ చుట్టూ వంచి తగిలించండి. ఏడో ఫ్రెట్ దగ్గర కాపో (తీగలు నొక్కి పట్టే క్లిప్) పెట్టి తీగని నిలబెట్టి, అప్పుడు తీగ బిగించే ట్యూనింగ్ కీ తిప్పండి.

తీగల మందం గురించి గట్టిగా చెబుతాను. సన్నటి 9 సెట్ (మొదటి తీగ మందం అంగుళంలో వెయ్యింట 9 వంతులు) వీటికి వేయొద్దు. బ్రిడ్జ్ మీద ఒత్తిడి చాలదు, గిటార్ సన్నగా పలుకుతుంది, ఫ్లోటింగ్ బ్రిడ్జ్ ఊరికే జరుగుతుంది. 11తో మొదలుపెట్టండి. జాజ్ కోసమైతే 12 ఫ్లాట్‌వౌండ్ (చదునైన తీగ చుట్టి నున్నగా ఉండేవి), మూడో తీగ కూడా చుట్టు ఉన్నదే. బెండ్స్ (తీగని పక్కకి లాగి స్వరం పెంచడం) కష్టమే. అసలు ఈ సంగీతంలో అంత బెండ్స్ అవసరం లేదు.

ఇక పికప్‌లు. పీ-90 సింగిల్ కాయిల్, అంటే లోపల ఒకే తీగ చుట్ట. కాసినోలో ఉండేది ఇదే. కాస్త గరుకుగా, కోపంగా పలుకుతుంది. సింగిల్ కాయిల్ కాబట్టి మన ఇళ్లలో 50 హెర్ట్జ్ కరెంటు హమ్ వినిపిస్తుంది. సాకెట్‌లో ఎర్తింగ్ లేకపోతే ఇంకా పెరుగుతుంది. హమ్ రాగానే గిటార్‌ని అనుమానించకండి, ముందు ఎలక్ట్రీషియన్‌తో ఎర్తింగ్ చూపించండి. షాక్ ప్రమాదం కూడా అక్కడే ఉంది.

గ్రెచ్ 6120లో మొదట ఉన్న పికప్ డైనాసోనిక్ కూడా సింగిల్ కాయిల్. దాని హమ్‌తో చెట్ ఆట్కిన్స్ విసిగిపోయాడు. అప్పుడు రే బట్స్ అనే ఆయన రెండు కాయిల్స్‌తో హమ్‌ని రద్దు చేసే ఫిల్టర్‌ట్రాన్ తయారుచేశాడు. 1950ల చివర నుంచి గ్రెచ్‌లలో అది వచ్చింది. గిబ్సన్ వాళ్ల రెండు కాయిల్స్ పికప్ హంబకర్ కూడా ఆ కాలంలోదే. కానీ ఫిల్టర్‌ట్రాన్‌లో కాయిల్స్ సన్నవి, చుట్లు తక్కువ. రెసిస్టెన్స్ 4 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, గిబ్సన్‌ది 7, 8 దాకా. అందుకే హమ్ లేకపోయినా గంట కొట్టినట్టు తేటగా ఉంటుంది.

(రెండు పికప్‌లూ ఆన్ చేసి మూడు కార్డ్స్)

ఇప్పుడు అందరూ భయపడే విషయం, ఫీడ్‌బ్యాక్. ఫంక్షన్ హాల్లో మైక్ స్పీకర్ ముందుకెళ్తే కుయ్‌మంటుంది కదా, అదే ఇది. ఆంప్ శబ్దం గిటార్ పై చెక్కని కదుపుతుంది, చెక్క తీగల్ని కదుపుతుంది, పికప్ దాన్ని మళ్లీ ఆంప్‌కి పంపుతుంది. ఈ చక్రం ఆగదు. చెక్క, లోపలి గాలి సహజంగా కంపించే స్వరాల దగ్గర, ఎక్కువగా కింది స్వరాల్లో, ఇది ముందు మొదలవుతుంది.

ఆంప్‌కి ఎదురుగా నిలబడకుండా పక్కకి జరగండి. ఇది ఒక్కటే సగం గొడవ తీరుస్తుంది. తర్వాత ఆంప్‌లో బేస్ తగ్గించండి. గిటార్ వాల్యూమ్ పదిలో ఎప్పుడూ పెట్టకండి, ఏడు దగ్గర ఉంచితే శబ్దం కూడా మెత్తబడుతుంది. వాయించని తీగల మీద అరచెయ్యి ఆనించి ఉంచండి. ఇవన్నీ చేసినా ఆగకపోతే ఎఫ్-హోల్స్‌లో స్పాంజ్ ముక్క దూర్చండి, సిగ్గేం లేదు. బి.బి.కింగ్ పేరుతో 1980లో గిబ్సన్ తెచ్చిన మోడల్‌కి ఎఫ్-హోల్సే లేవు. గ్రెచ్ కూడా చెట్ ఆట్కిన్స్ కంట్రీ జెంటిల్‌మన్‌కి రంధ్రాలు మూసేసి, పైన ఎఫ్-హోల్ బొమ్మ మాత్రం వేసింది.

(ఆంప్ వైపు తిరిగి ఒక నోట్ పట్టుకుని)

అదే ఫీడ్‌బ్యాక్‌ని చేత్తో పట్టుకోగలిగితే ఇలా పాడుతుంది. ఇది సాధనతో వస్తుంది. పక్కింటివాళ్ల ఓపిక కూడా కావాలి.

వాయించే పద్ధతి ఒకటి నేర్చుకుందాం. బొటనవేలు బేస్, మిగతా వేళ్లు మెలోడీ. కంట్రీ గిటారిస్ట్ మెర్ల్ ట్రావిస్ వాయించిన తీరు, చెట్ ఆట్కిన్స్ దాన్ని ఇంకా సాగదీశాడు. ఇ మేజర్ పట్టుకోండి. అరచెయ్యి అంచుని బ్రిడ్జ్ మీద తేలిగ్గా ఆనించండి. గట్టిగా అదిమితే శ్రుతి పోతుంది. బొటనవేలితో తీగలు ఆరు, నాలుగు, అయిదు, నాలుగు. మళ్లీ ఆరు, నాలుగు, అయిదు, నాలుగు.

(నెమ్మదిగా వాయిస్తూ)

బేస్ నోట్లు టక్ టక్‌మని ఆగిపోవాలి. పై తీగలు మోగాలి. ఇప్పుడు మొదటి బీట్‌లో బొటనవేలితో పాటు ఒకటో తీగని చూపుడు వేలితో కలిపి మీటండి. బేస్ ఆగకుండా నడిచేదాకా మెలోడీ కలపకండి. మెట్రోనోమ్ 70 దగ్గర పెట్టుకుంటే చాలు.

దీనికి స్లాప్‌బ్యాక్ ఎకో (వెంటనే ఒక్కసారి వచ్చే ప్రతిధ్వని) తోడైతేనే ఆ 1950ల శబ్దం పూర్తవుతుంది. అప్పట్లో టేప్ మెషిన్‌లో రికార్డింగ్ హెడ్‌కీ ప్లే హెడ్‌కీ మధ్య దూరం వల్ల వచ్చే ఆలస్యాన్నే ఎకోగా వాడుకున్నారు. మెంఫిస్ సన్ స్టూడియో శబ్దం అదే. ఇందాక చెప్పిన రే బట్స్ ఆ టేప్ ఎకోని ఆంప్ లోపలే పెట్టి ఎకోసోనిక్ చేశాడు, ఎల్విస్ గిటారిస్ట్ స్కాటీ మూర్ దాన్ని కొన్నాడు. మీ డిలే పెడల్‌లో టైమ్ 120 మిల్లీసెకన్లు, రిపీట్ ఒక్కటే, మిక్స్ సగానికి కొంచెం తక్కువ. రివర్బ్ (గది మోత) దాదాపు తీసేయండి.

(స్లాప్‌బ్యాక్‌తో అదే బేస్ నమూనా)

మెయింటెనెన్స్ విషయానికొస్తే, వీటిలో చాలావరకు పై చెక్క పొరలుగా అతికించిన మేపుల్, తేమని బాగానే తట్టుకుంటుంది. కదిలేది నెక్. విశాఖ తేమలో ఒకలా, ఏప్రిల్ హైదరాబాద్ ఎండలో ఒకలా ఉంటుంది. సీజన్ మారినప్పుడు నెక్ వంపు సరిచేసే ట్రస్ రాడ్ చూపించండి.

కొనడం గురించి కామెంట్లలో అడుగుతారని తెలుసు. మొదటిసారి అయితే ఎపిఫోన్ కాసినో, ఐబానెజ్ ఆర్ట్‌కోర్, గ్రెచ్ స్ట్రీమ్‌లైనర్ లేదా ఎలక్ట్రోమాటిక్, వీటిలో చేతికి నప్పింది చూడండి. సెకండ్ హ్యాండ్ అయితే పై చెక్కని వేలితో అక్కడక్కడా తట్టండి. గరగరమంటే లోపలి బ్రేస్ (చెక్కకి ఆధారంగా ఉండే పట్టీ) ఊడి ఉండొచ్చు. ఎఫ్-హోల్‌లోంచి ఫోన్ టార్చ్ వేసి అతుకులు చూడండి. నిజంగా పాత గ్రెచ్ ఎవరైనా చూపిస్తే అంచుల చుట్టూ ఉండే బైండింగ్ మీద గోరు పెట్టి చూడండి. ఆ కాలపు సెల్యులాయిడ్ కొన్నిటిలో పొడిపొడిగా రాలిపోతుంది, మార్పించాలంటే ఖర్చు ఎక్కువ. బేరం అక్కడి నుంచే మొదలుపెట్టండి.